పీహెచ్‌సీలో గర్భిణుల, బాలింతల మనసు సంగతి కూడా చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

దేవరకొండ వైపు ఒక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) కొత్తగా చేరిన డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఇది: "గర్భిణులకు బీపీ, రక్తం, స్కానింగ్ అన్నీ చూస్తున్నాం. మనసు బాగాలేని వాళ్లు కూడా కనబడుతున్నారు. కానీ మా దగ్గర సైకియాట్రిస్ట్ లేరు, కౌన్సెలర్ లేరు, నర్సులకు టైం లేదు. ఉన్నవాళ్లతోనే ఏమైనా చేయగలమా? ఏ ప్రశ్నాపత్రం వాడాలి?"

చేయగలరు. ప్రసూతి డాక్టరుగా ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సర్కారు దవాఖానల్లో చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ప్రశ్నాపత్రం ఏదన్నది చిన్న విషయం, దాని గురించి కింద చెబుతాను. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఒక గర్భిణి మీ నర్సుతో "నాకు బతకాలని లేదు సిస్టర్" అన్నదనుకోండి. ఆ నిమిషం నుంచి మీ క్లినిక్‌లో ఎవరు ఏం చేస్తారు? ఆమె పక్కన ఎవరు కూర్చుంటారు, మీకు ఎవరు చెబుతారు, మీరు ఆ రోజు మీటింగ్‌లో ఉంటే ఎవరికి ఫోన్ చేస్తారు, ఆమె వెంట వచ్చిన వాళ్లతో ఏం మాట్లాడతారు? దీన్ని ఒక కాగితం మీద రాసి, నర్సులందరూ చదివాకే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టండి. నిజం చెప్పించుకుని చేతిలో ఐరన్ మాత్రలు పెట్టి పంపిస్తే ఆమె ఇంకెప్పుడూ, ఇంకెవరికీ చెప్పదు.

రెండోది, దీనికోసం వేరే గది, వేరే రోజు, వేరే బోర్డు పెట్టకండి. "మానసిక" అన్న మాట ఉన్న బోర్డు కింద ఫలానా వాళ్ల కోడలు కూర్చుందని సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మన దగ్గర ఎవరినైనా తిట్టాలంటే "ఎర్రగడ్డకు తోలాలె" అంటారు, అంటే హైదరాబాద్‌లోని మానసిక ఆసుపత్రికి. ఆ మాట వింటూ పెరిగిన అమ్మాయి చేతిలో సైకియాట్రీ ఓపీ చీటీ పెడితే దాన్ని మడిచి దాచుకుని ఇంటికి వెళ్లిపోతుంది. అదీగాక దేవరకొండ నుంచి నల్గొండ సుమారు 60 కిలోమీటర్లు. తోడు ఒకరు కావాలి, ఇద్దరి కూలీ పోతుంది, ఇంట్లో "ఎందుకు పోతున్నవ్?" అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. అదే బీపీ చూపించుకోవడానికి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బీపీ చూసే చేయే మనసు సంగతి కూడా అడగాలి, అదే బల్ల దగ్గర, అదే పూట.

ఎంతమందికి ఉంటుందని మీ జిల్లా అధికారులు అడిగితే ఈ అంకె చెప్పండి. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రచురించిన విశ్లేషణలో, బాలింతల్లో సుమారు 22 శాతం మందికి ప్రసవానంతర డిప్రెషన్ ఉన్నట్టు తేలింది. గర్భంతో ఉండగానే మొదలయ్యే వాళ్లు కూడా చాలామంది. ప్రతి నెలా 9వ తారీఖున ప్రత్యేక చెకప్‌కు మీ దగ్గరకు వచ్చే గర్భిణుల వరుసను తలచుకోండి. షుగర్ కోసం ప్రతి ఒక్కరికీ గ్లూకోజ్ నీళ్లు తాగించి రక్తం తీస్తున్నాం కదా. దీనికీ అంత చోటు ఇవ్వాలి.

ఇప్పుడు వాళ్లను గుర్తుపట్టడం గురించి. మన ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లు "నాకు డిప్రెషన్" అంటూ రారు. తలనొప్పి అంటారు, అరికాళ్లు మంట అంటారు, నడుము గుంజుతోందంటారు, గుండె దడ, గాబరా అంటారు. "ఏదో రంది పట్టుకుంది" అంటే అది ఇప్పటికే సగం చెప్పినట్టు. బాలింతలైతే పాలు పడడం లేదని నాలుగోసారి వస్తారు. చూస్తే బిడ్డ బరువు చక్కగా పెరుగుతుంటుంది. ఏ జబ్బూ లేని బిడ్డను మాటిమాటికీ ఓపీకి తెచ్చే తల్లిని చూసి విసుక్కోకండి, ఆమెను కూర్చోబెట్టండి. నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "బిడ్డ నిద్రపోయినప్పుడు నీకు నిద్ర పడుతుందా?" పసిపిల్ల ఉన్న ఇంట్లో ఎవరికైనా నిద్ర కరువే. కానీ బిడ్డ హాయిగా పడుకున్నా, పక్కన అమ్మ ఉన్నా, తాను మాత్రం కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఉంటుందంటే అక్కడ ఆగి మాట్లాడాలి.

అదే సమయంలో, అలసట అంతా మనసుదేనని కూడా అనుకోవద్దు. తెలంగాణలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. హిమోగ్లోబిన్ 7 ఉన్న మనిషికి ఏ పనిమీదా ఆసక్తి ఉండదు. ప్రసవం తర్వాత కొందరికి థైరాయిడ్ అటూ ఇటూ అవుతుంది. రక్తం, థైరాయిడ్ రెండూ చూడండి. వాటికి మందు ఇస్తూనే మనసు సంగతి కూడా అడగండి. రెండూ ఉన్నవాళ్లే ఎక్కువగా కనబడతారు.

అడిగే చోటు గురించి కొంచెం పొడుగ్గా చెబుతాను, ఎందుకంటే చాలా క్లినిక్‌లలో పని చెడేది ఇక్కడే. గర్భిణి పక్కన అత్తో, వదినో, ఆడబిడ్డో ఉంటుంది. వాళ్ల ముందు అడిగితే "మంచిగున్న మేడం" అనే జవాబే వస్తుంది. వాళ్లను బయటకు పొమ్మంటే ఏదో జరిగిందని అనుమానపడతారు. ఆమె సహజంగా ఒంటరిగా దొరికే చోటు పొట్ట చూసే బల్ల. తెర వేస్తారు కాబట్టి, వెంట వచ్చిన వాళ్లు బయట ఉండడం మామూలే. గర్భసంచి ఎత్తు కొలిచి, బిడ్డ గుండె చప్పుడు ఆమెకు వినిపించాక, ఆమె లేచి కూర్చునే ఆ రెండు నిమిషాల్లో అడగండి. "ఈ రెండు వారాల్లో మనసు బరువుగా, దిగులుగా అనిపించిందా? ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనులు ఇప్పుడు చేయబుద్ధి కావడం లేదా?" ఈ రెండు ప్రశ్నలు చాలు, మొదటి వడపోతకు. రెండింట్లో ఒక్కదానికి "అవును" అన్నా, అక్కడి నుంచి పెద్ద ప్రశ్నాపత్రానికి వెళ్లండి.

మీరడిగిన ప్రశ్నాపత్రం సంగతి ఇది. ఎడిన్‌బరో స్కేల్ 1987లో బాలింతల కోసమే తయారైంది. పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 30. అలసట, ఆకలి లాంటి శరీర లక్షణాల మీద ఆధారపడదు కాబట్టి గర్భిణులకూ పనికొస్తుంది. తెలుగులో కూడా ఉంది. పీహెచ్‌క్యూ-9 అయితే తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల గురించి. మీ నర్సులకు ఏది చేతికి అలవాటైతే అది వాడండి. కాగితం చేతికిచ్చి టిక్కు పెట్టమనొద్దు. నర్సే మెల్లగా చదివి వినిపించాలి, ఊరి మాటల్లో. "నిరాశ" అంటే అర్థం కాని మనిషికి "మనసు ఇరిగినట్టు ఉన్నదా" అంటే వెంటనే అర్థమవుతుంది. మొత్తం ఎంత వచ్చిందో చూసే ముందు ఎడిన్‌బరో పదో ప్రశ్న, పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న చూడండి. రెండూ ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గురించినవే. మొత్తం నాలుగే వచ్చినా, అక్కడ సున్నా కాకుండా ఏదైనా ఉంటే ఆమెతో ఆ రోజే మీరు స్వయంగా మాట్లాడాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని నర్సులు భయపడతారు. పుట్టదు. ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్న మనిషికి అది ఊరట.

తండాల నుంచి వచ్చే వాళ్ల విషయంలో ఒక జాగ్రత్త. లంబాడీ మాట్లాడే అమ్మాయికి తెలుగులో లెక్కలు, బేరాలు వస్తాయి కానీ మనసులో మాట రాదు. భాష తెలుసు కదా అని అదే తండా ఆశా కార్యకర్తను దుబాసీగా పెట్టుకుంటారు. ఆ ఆశ చాలాసార్లు ఆమెకు వరసకు అత్తో, వదినో అవుతుంది. లంబాడీ వచ్చిన వేరే సబ్‌సెంటర్ ఏఎన్ఎంను (ఊళ్లు చూసుకునే నర్సును) ఆ రోజుకు పిలిపించుకోండి. అమ్రాబాద్ వైపు చెంచు పెంటల (గూడేల) నుంచి వచ్చేవాళ్లతో అయితే ప్రశ్నాపత్రం పక్కనపెట్టి, రెండు మూడుసార్లు పరిచయం అయ్యాక మాట్లాడడమే మేలు.

ఎప్పుడెప్పుడు అడగాలి? పేరు నమోదు రోజు ఒకసారి, ఏడో నెలలో ఒకసారి, ప్రసవం తర్వాత ఆరో వారం టీకాకు వచ్చినప్పుడు, పద్నాలుగో వారం టీకాకు వచ్చినప్పుడు. ప్రసవమైన మూడో రోజో ఐదో రోజో ఏడుస్తున్న తల్లికి ప్రశ్నాపత్రం పెట్టకండి. ఆ రోజుల్లో ఊరికే కన్నీళ్లు రావడం సగం మందికి పైగా ఉంటుంది, రెండు వారాల్లోపు దానంతట అదే తగ్గుతుంది. ఆమెకూ, ఆమె అమ్మకూ ఆ మాటే చెప్పి ధైర్యం ఇవ్వండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే రమ్మనండి.

ఏడో నెల ఎందుకంటే, మన దగ్గర తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్లేది ఆ తర్వాతే. అత్తగారి ఊరు మిర్యాలగూడ దగ్గర ఉంటుంది, పుట్టిల్లు అచ్చంపేట దగ్గర. ఏడు నెలలు ఒక పీహెచ్‌సీ చూసింది. కాన్పు ఇంకో దవాఖానలో. బాలింతగా మూడు నుంచి ఐదు నెలలు మూడో చోట. ప్రసవం తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాల్సిన ఆశకు ఆమె ఎవరో తెలియదు, ఆమెకు ఐదో నెల నుంచే నిద్ర పట్టడం లేదన్న సంగతి అసలే తెలియదు. డిప్రెషన్ ముదిరేది సరిగ్గా ఈ నెలల్లో. అందుకని ఏడో నెల చెకప్‌లో మూడు విషయాలు రాసుకోండి: పుట్టింటి ఊరు, ఆమె అమ్మ ఫోన్ నంబరు, ఆ ఊరి ఏఎన్ఎం ఫోన్ నంబరు. మనసు బాగాలేదని తేలిన వాళ్ల విషయంలో మీ ఏఎన్ఎం ఆ ఏఎన్ఎంకు ఫోన్ చేసి చెప్పాలి, ముందు ఆ అమ్మాయి ఒప్పుకోవాలి. ఫోన్‌కు అయ్యేది ఐదు నిమిషాలు. మనం మొదలుపెట్టిన వైద్యం కొనసాగడమా, ఆగిపోవడమా అన్నది చాలావరకు ఆ ఐదు నిమిషాల మీద ఉంటుంది.

తల్లీబిడ్డల కార్డు మీద మాత్రం "డిప్రెషన్" అని రాయకండి. ఆ కార్డు ఇంట్లో అందరూ చూస్తారు. అంగన్‌వాడీలో చూస్తారు. మండలంలో మీరందరూ కలిసి ఒక చిన్న గుర్తు అనుకోండి, కార్డు మూలన పెడితే చాలు. వివరాలు మీ రిజిస్టర్‌లో, బీరువాలో ఉంచండి.

తేలిన తర్వాత ఏం చేయాలో చెబుతాను. ఎక్కువమందికి తేలికపాటి నుంచి మధ్యస్థంగా ఉంటుంది, వీళ్లకు సైకియాట్రిస్ట్ అవసరం రాకపోవచ్చు. ఇది ఊరికే ధైర్యానికి చెప్పే మాట కాదు. పాకిస్థాన్‌లో రావల్పిండి జిల్లా పల్లెల్లో మన ఆశల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, గర్భం చివరి నెల నుంచి బిడ్డకు ఏడాది దగ్గరపడేదాకా 16 సార్లు ఇళ్లకు పంపి మాట్లాడించారు. 2008లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఆరు నెలల దగ్గర చూస్తే ఈ శిక్షణ లేని వర్కర్లు అన్నేసి సార్లు తిరిగిన ఊళ్లలో 53 శాతం మందికి డిప్రెషన్ ఇంకా ఉంది; శిక్షణ పొందినవాళ్లు తిరిగిన ఊళ్లలో 23 శాతానికి తగ్గింది. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని మాన్యువల్‌గా అందరికీ ఇచ్చింది. తల్లి ఆరోగ్యం, బిడ్డతో ఆమె బంధం, చుట్టూ ఉన్నవాళ్లతో ఆమె సంబంధాలు: ఈ మూడింటి గురించే మాట్లాడతారు. మన ఆశలకు ఇది కొత్త కాదు. మాటలు వాళ్లకు ఎలాగూ వచ్చు. ఎప్పుడు సలహా ఇవ్వడం ఆపి వినాలో నేర్పాలి. "నీకేం తక్కువ, బంగారంలాంటి బిడ్డ" అనే మాట మానిపించాలి.

మొదటి వారంలో మీరు రాయాల్సిన మందు చాలాసార్లు నిద్ర. రాత్రి ఒక్కసారైనా నాలుగైదు గంటలు ఆపకుండా పడుకోవాలి. బిడ్డకు పాలిచ్చి పదింటికి పడుకుంటే, మధ్యలో ఎత్తుకోవడం, గుడ్డలు మార్చడం అమ్మమ్మ చూసుకోవాలి. ఈ మాట అమ్మాయికి చెబితే జరగదు. అమ్మమ్మకో, అత్తకో చెప్పాలి. అత్తను దోషిగా నిలబెట్టి మాట్లాడితే తలుపు మూసుకుపోతుంది. "అమ్మా, మీరు నలుగురిని కని పెంచినోళ్లు, మీకు తెలియంది కాదు. కోడలికి ఒంట్లో బలం తగ్గితే నిద్ర పాడవుతది, నిద్ర పాడైతే పాలు తగ్గుతయి. నెల రోజులు రాత్రి బిడ్డను మీరు చూడాలె" అని అడిగి చూడండి. చాలామంది అత్తలు చేస్తారు, ఆ పని తమకు అప్పగించినందుకు సంతోషంగా కూడా చేస్తారు.

భర్త సంగతి పాలమూరులో వేరు. కాన్పుకు ఆమె ఊరికి వస్తుంది, అతను హైదరాబాద్‌లోనో, ముంబైలోనో, పూణేలోనో పనిమీద ఉండిపోతాడు. ఫోన్‌లోనే మాట్లాడండి. ఆమె ఒప్పుకుంటే మీ ముందే కలపమనండి. రోజూ రాత్రి ఒక టైంకు ఫోన్ చేసి డబ్బుల సంగతి కాకుండా ఆమె సంగతి అడగమని చెప్పండి.

తాగి కొట్టే భర్త ఉన్నచోట, కట్నం గొడవ ఉన్నచోట, నిద్రమాత్రలు, ఓదార్పు మాటలు మాత్రమే ఇచ్చి పంపడం అన్యాయం. అడగండి, విడిగా ఉన్నప్పుడు: "ఇంట్లో ఎవరైనా చేయి చేసుకుంటున్నారా?" అవునంటే 181 మహిళా హెల్ప్‌లైన్, జిల్లాలోని సఖి కేంద్రం (హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే చోటు) వివరాలు నోటితో చెప్పండి, కాగితం మీద ఇవ్వొద్దు.

ఇక మందుల గురించి. దిగులు ఎక్కువగా ఉండి, తినడం, లేవడం, బిడ్డను చూసుకోవడం కష్టమవుతున్నప్పుడు మందు అవసరమే. పాలిచ్చే తల్లికి సెర్ట్రలైన్ మొదటి ఎంపిక, పాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది. 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారంలో 50కి పెంచుతాం. పనిచేయడం తెలియాలంటే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని ముందే చెప్పండి, లేకపోతే ఐదో రోజు ఆపేస్తారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. పాలు మాన్పించాల్సిన పనిలేదు. మొదలుపెట్టే ముందు మాత్రం ఒక మాట తప్పకుండా అడగండి: ఆమెకో, తోబుట్టువులకో, తల్లిదండ్రులకో ఇంతకుముందు నిద్ర లేకుండా విపరీతమైన హుషారు, అతిగా మాట్లాడడం, డబ్బు చల్లేయడం లాంటి రోజులు ఉన్నాయా? ఉంటే ఈ మందు మీరు మొదలుపెట్టవద్దు, సైకియాట్రిస్ట్‌తో మాట్లాడాకే. ఫిట్స్‌కో, బైపోలార్‌కో (పైన చెప్పిన హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బు) వాల్‌ప్రోయేట్ వాడుతూ గర్భం వచ్చిన వాళ్లు కనబడితే అదే రోజు పెద్దాసుపత్రికి ఫోన్ చేయండి. బిడ్డకు ప్రమాదకరమైన మందు అది, అలాగని ఒక్కసారిగా ఆపించడమూ ప్రమాదమే. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన అల్‌ప్రజోలం (నిద్రమాత్రలు) నెలల తరబడి వాడుతున్న గర్భిణులు కూడా మీకు కనబడతారు. వాటినీ మెల్లగా తగ్గించాలి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైన పరిస్థితి ఒకటుంది, ప్రసవానంతర సైకోసిస్. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. నిన్నటిదాకా బాగున్న బాలింత ఉన్నట్టుండి నిద్ర మానేస్తుంది, పొంతన లేకుండా మాట్లాడుతుంది, ఈ బిడ్డ నాది కాదంటుంది, ఎవరో బిడ్డను చంపడానికి వస్తున్నారంటుంది. ఇంట్లో వాళ్లు "గాలి సోకింది" అని దర్గాకో, మంత్రగాడి దగ్గరకో తీసుకెళ్తారు. అక్కడికి వెళ్లొద్దని గొడవపడి టైం పోగొట్టకండి. మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు, ముందు దవాఖానకు రమ్మనండి. 108 పిలిపించి ఆ రోజే పంపాలి, తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు.

పంపే ముందు మీరు చూడాల్సింది ఒకటుంది, ప్రసూతి డాక్టర్లుగా ఇది మన బాధ్యత. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదన్న నమ్మకం మన పల్లెల్లో ఇంకా ఉంది. ఎండాకాలంలో, రక్తం తక్కువ ఉన్న మనిషికి, నీళ్లు కూడా కట్టేస్తే మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. దాని గుర్తులు: తీవ్రమైన తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఒక పక్క చేయి కాలు బలహీనం, లేదా మనిషి అయోమయంగా ఉండడం. జ్వరం ఉంటే ఇన్ఫెక్షన్ ఎక్కి ఉండవచ్చు, బీపీ ఎక్కువుంటే గుర్రపు వాతం (ఎక్లాంప్సియా) కావచ్చు. ఇవన్నీ పైకి "పిచ్చి"లాగే కనబడతాయి. బీపీ, జ్వరం, షుగర్ చూడకుండా, ఫిట్స్ వచ్చాయా అని అడగకుండా ఏ బాలింతనూ సైకియాట్రీకి పంపకండి.

ఎక్కడికి పంపాలన్నది పదేళ్ల కిందట పెద్ద సమస్య. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. వాటి సైకియాట్రీ విభాగంలో ఒక డాక్టరుతో పరిచయం పెంచుకోండి, నంబరు తీసుకోండి. పేషెంట్‌ను పంపే ముందు ఫోన్ చేస్తే ఆమె వరుసలో నిలబడి తిరిగి వచ్చేయదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్లను నెలకోసారి మీ 9వ తారీఖు క్లినిక్‌కే రమ్మని అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులోనూ మాట్లాడతారు. నంబరు రాసిచ్చి పంపకుండా, క్లినిక్‌లోనే కూర్చోబెట్టి మొదటి ఫోన్ మీ నర్సే కలపాలి. చేర్చాల్సి వస్తే బిడ్డను వేరు చేస్తారేమోనని ఇంట్లో వాళ్లు భయపడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదు. తల్లి జబ్బు వల్ల బిడ్డకు ప్రమాదం ఉంటేనే, అదీ తాత్కాలికంగా. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచే వార్డు 2009 నుంచే ఉంది. మన మెడికల్ కాలేజీల్లో కనీసం రెండు మంచాలు అలా కేటాయించాలని నేను అడుగుతూనే ఉంటాను, మీరూ అడగండి.

మనసు గురించి మాట్లాడే క్లినిక్‌లో లేబర్ రూమ్ మాటతీరు మారకపోతే ఈ పనంతా వృథా. నొప్పులతో అరిచే అమ్మాయిని తిట్టడం, తొడమీద కొట్టడం ఇంకా జరుగుతున్నాయి. రెండో బిడ్డ కూడా ఆడపిల్ల పుట్టినప్పుడు నర్సు గొంతు ఎలా ఉంటుందో మీరు విని ఉంటారు. "మళ్లీ ఆడపిల్లనే" అన్న ఆ మాట ఆమెకు జీవితాంతం గుర్తుంటుంది. ఆడపిల్లలను వదిలించుకున్న చరిత్ర ఉన్న ప్రాంతంలో పనిచేస్తున్నాం మనం. ఆ క్షణంలో తల్లి చూసేది మన ముఖాలనే. బిడ్డను ఆమె గుండెల మీద పెట్టి "నీ బిడ్డ, చక్కగా ఉంది" అని చెప్పండి. బయట ఉన్నవాళ్లకూ అదే గొంతుతో చెప్పండి. ఆడో మగో తేలేది తండ్రి నుంచి వచ్చే కణం వల్లనేనని అత్తకు, భర్తకు వివరించడం కూడా ప్రసూతి వైద్యంలో భాగమే.

బిడ్డ చనిపోయిన తల్లి గురించి కూడా చెప్పాలి. ఆమె పేరు ఏ జాబితాలోనూ ఉండదు. టీకాకు రాదు, తూకానికి రాదు, ఇంటికి వచ్చే ఆశ కూడా మొహమాటంతో ఆ వీధి తప్పించుకుని పోతుంది. మూడో రోజు పాలు పొంగుతాయి. అలా జరుగుతుందని చెప్పినవాళ్లు ఉండరు, బిగుతుగా నొప్పిపెట్టే రొమ్ములతో చీకటి గదిలో పడుకుని ఉంటుంది. డిశ్చార్జ్ రోజే పాల సంగతి చెప్పండి. బిడ్డను చూడాలనుకుంటే చూపించండి, వద్దంటే బలవంతం చేయొద్దు. వారం తిరక్కుండా ఏఎన్ఎం వెళ్లాలి, రెండో వారం, ఆరో వారం కూడా. ఈ తల్లుల పేర్లు ఒక పేజీలో విడిగా రాసుకోకపోతే ఎవరికీ గుర్తుండరు. బిడ్డ ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బుపడ్డ పసికందుల వార్డులో) ఉన్న తల్లులను కూడా ఆ పేజీలోనే రాయండి. వారాల తరబడి వరండాలో పడుకుని గాజు తలుపు వైపు చూస్తుంటారు, వాళ్లకు బీపీ చూసేవాళ్లు కూడా ఉండరు.

నర్సులకు టైం లేదన్నారు. నిజమే. మొదటి నెల అందరినీ అడగకండి. ఏడో నెల గర్భిణులను, ఆరో వారం టీకాకు వచ్చే తల్లులను మాత్రమే అడగండి. రెండు ప్రశ్నలకు రెండు నిమిషాలు. చాలామంది "లేదు" అంటారు, అక్కడితో అయిపోతుంది. "అవును" అన్నవాళ్లకు మరో పదిహేను నిమిషాలు పడుతుంది, వాళ్లను వరుస చివర కూర్చోబెట్టండి. ఇన్ని కథలు విని ఇంటికి వెళ్లే నర్సులు, ఆశలు కూడా బరువు మోస్తారు. నెలకోసారి గంటసేపు వాళ్లను కూర్చోబెట్టి వాళ్ల మాట మీరు వినండి, ఆ గంట ఇంకే పనికీ వాడకండి.

రిజిస్టర్‌లో ఎంతమందిని అడిగామన్న అంకెకు పెద్ద విలువ ఇవ్వకండి. పై వాళ్లు అదే అడుగుతారు, పంపండి. మీకోసం మాత్రం వేరే అంకె రాసుకోండి: మనసు బాగాలేదని తేలిన వాళ్లలో రెండు వారాల తర్వాత ఎంతమందిని మళ్లీ కలిశాం? రానివాళ్లకు ఎవరు ఫోన్ చేశారు? మూడు నెలలు ఇది సరిగ్గా నడిచాక పేరు నమోదు రోజును కలపండి, ఆ తర్వాత పద్నాలుగో వారాన్ని. నర్సులు రాసుకున్న ఆ మొదటి కాగితాన్ని కూడా అప్పుడు మళ్లీ తీసి, జరిగినదాన్ని బట్టి సరిచేయండి.